కింద ఆకు కదలదు, పైన గాలిమర ఆగదు

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డు ఊరండి. చిన్నప్పుడు నాన్న తెల్లారకముందే పడవ తోసేసేవారు, ఇప్పుడైతే గాలే లోపలికి తీసుకుపోద్ది, ఎండెక్కితే ఎదురొస్తది అనేవారు. ఇప్పుడు నా ఉద్యోగం అనంతపురం వైపు, గాలిమరల దగ్గర. రాత్రిపూట మా రూం బయట వేపచెట్టు ఆకు కూడా కదలదు, తలెత్తి చూస్తే రెక్కలు మాత్రం గిరగిరా తిరుగుతుంటాయి. అక్కడ గాలి దిక్కు మారడం, ఇక్కడ కింద ఆగి పైన వీయడం, రెండూ ఒకటేనా?

జవాబు: రెండూ వేరండి, కానీ మూలం ఒకటే, నేల తొందరగా కాగుతుంది, తొందరగా చల్లారిపోతుంది, సముద్రం అలా కాదు.

ముందు మీ నాన్నగారి మాట చూద్దాం. నీళ్ళు ఒక డిగ్రీ కాగాలంటే అంతే బరువున్న పొడి మట్టికి పట్టేదానికన్నా దాదాపు 5 రెట్లు వేడి కావాలి, పైగా అలలు కలిపేస్తుంటే ఆ వేడి లోతుకి దిగిపోతుంది, ఇసుకలో అయితే పైపొరలోనే ఉండిపోతుంది. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా బీచ్‌లో నాలుగడుగులు వేసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, తడి ఇసుక దొరికేదాకా పరుగే. ఆ కాగిన నేల మీద గాలి పైకి లేస్తుంటే సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది, పది పదకొండుకి ఒడ్డున మొదలై సాయంత్రానికి పదుల కిలోమీటర్లు పోతుంది. భూమి తిరుగుతుంది కాబట్టి ఆ గాలి మెల్లగా కుడివైపుకి ఒరుగుతుంది, అందుకే మీ ఊళ్ళో పొద్దున తూర్పు నుంచి మొదలైన గాలి సాయంత్రానికి ఆగ్నేయం, దక్షిణం నుంచి తగులుతుంది. రాత్రికి నేల సముద్రం కంటే చల్లబడితే గాలి తిరగబడుతుంది, అప్పటి తేడా తక్కువ కాబట్టి బలం కూడా తక్కువే, కానీ తెరచాపకి అది చాలు.

వేసవిలో పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు మాత్రం సముద్రపు గాలి మధ్యాహ్నం దాకా ఒడ్డు దాటలేదు, కాకినాడ, విశాఖల్లో కూడా 40 డిగ్రీలు దాటేది ఇలాంటి రోజుల్లోనే. గాలి తిరిగిందంటే అరగంటలో కొన్ని డిగ్రీలు దిగిపోతుంది, బదులుగా చెమట మొదలవుతుంది.

ఇక మీ రూం దగ్గరి సంగతి. పగలు నేల కాగి గాలి సుడులు సుడులుగా పైకి లేస్తుంటే పైనున్న వేగం గాలి కిందికి దిగుతుంది, పైదీ కిందదీ కలిసిపోతాయి. మన రైతులు తూర్పారబట్టడానికి పొద్దెక్కేదాకా ఆగేది ఇందుకే, తెల్లవారుజామున చేట ఎత్తితే పొట్టు గింజలతో పాటే కాళ్ళ దగ్గర పడుతుంది. పొద్దుగూకాక నేల చల్లారి, దాన్ని అంటుకున్న గాలి బరువెక్కి కింద పరుచుకుంటుంది, ఇక పైగాలికీ నేలకీ సంబంధం తెగిపోతుంది. కింద చెట్లు, ఇళ్ళు, గుట్టల రాపిడి పైదానికి అందదు, బ్రేకు తీసేసినట్టు అది వేగం పుంజుకుంటుంది. గాలిమర ఇరుసు 80 నుంచి 120 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మీ వేపచెట్టు ఎక్కడ, అదెక్కడ. కొండ మీద గాలి ఎలాగూ ఎక్కువే అనుకోండి, కానీ పగలూ రాత్రీ తేడా రావడానికి కారణం మాత్రం ఇదే. వాతావరణ శాఖ వాళ్ళు గాలి కొలిచేది నేలకి 10 మీటర్ల ఎత్తున, అందుకని రాత్రి గాలి లేదని రిపోర్టు వచ్చినా పైన లేనట్టు కాదు.

నమ్మకం కుదరకపోతే చలికాలం తెల్లవారుజామున ఇటుక బట్టీ పొగ చూడండి, కొంచెం లేచి దుప్పటి పరిచినట్టు అడ్డంగా సాగిపోతుంది, తొమ్మిదింటికల్లా చెదిరి కిందికొచ్చి కళ్ళు మండిస్తుంది.

ఒడ్డుకి దూరంగా నడిసముద్రంలో ఈ గొడవ చాలా తక్కువ, నీటి వేడి పగటికీ రాత్రికీ మామూలుగా ఒక డిగ్రీ కూడా మారదు కాబట్టి గాలి పెద్దగా తేడా లేకుండా వీస్తూనే ఉంటుంది. మీ దగ్గర కూడా బాగా మబ్బుపట్టిన రాత్రి గమనించండి, నేల అంతగా చల్లారదు, రూం బయట ఆకులు కదులుతూనే ఉంటాయి.