నాన్నగారు అంటున్నది ఏ ఇంటి గురించి?

“నాకు 34 ఏళ్ళు. పుట్టిల్లు నెల్లూరు. చెన్నైలో షోళింగనల్లూరు దగ్గర ఉంటున్నాం. పదకొండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, మా టీమ్‌లో పంతొమ్మిది మందిమి, అందులో ఆడవాళ్ళం ఇద్దరం. ఇప్పుడు ప్రమోషన్ ఇచ్చి నన్ను ఆర్కిటెక్ట్‌ని చేస్తామంటున్నారు, రాత్రి కాల్స్ పెరుగుతాయి. పాపకి రెండున్నరేళ్ళు. అమ్మ నెలలో ఇరవై రోజులు ఇక్కడే ఉండి చూసుకుంటుంది. నాన్న ఊళ్ళో మెస్ నుంచి క్యారేజీ తెప్పించుకుంటారు. ఆఫీసులో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉంది గానీ బిడ్డని ఆయాల చేతిలో పెట్టొద్దని నాన్న గట్టిగా చెప్పారు. మా అన్నయ్యతో సమానంగా నన్ను ఇంజనీరింగ్ చదివించింది ఆయనే. ఇప్పుడు ఆయనే ‘సంపాదించింది చాలమ్మా, ఇద్దరూ పరుగులు పెడితే ఇల్లు ఎవరు చూస్తారు’ అంటున్నారు. ఆయన మాట నేనెప్పుడూ కాదనలేదు. మా ఆయన ‘నీ ఇష్టం’ అంటారు. రిజైన్ చేసి, పాప ఒకటో తరగతికి వచ్చాక వెతుక్కుంటే మళ్ళీ ఉద్యోగం దొరుకుతుందా? గ్యాప్ గురించి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?”

గ్యాప్ గురించి ఏం చెప్పాలో మీ హెచ్ఆర్‌లో ఎవరినడిగినా చెబుతారు, దానికి నేనక్కర్లేదు. దొరుకుతుందా అంటే, దొరుకుతుంది, ఇప్పుడు వదిలేస్తున్న చోట మాత్రం కాదు. మూడున్నరేళ్ళలో మీ టెక్నాలజీ సగం మారిపోతుంది, మీతో చేరినవాళ్ళు రెండు మెట్లు పైనుంటారు. మిమ్మల్ని ఏ టెస్టింగ్‌లోనో, మీటింగుల మినిట్స్ రాసే పనిలోనో కూర్చోబెట్టి, బిడ్డ తల్లివి కదా, ఇదే నీకు సుఖం అంటారు. సంగతి ఇంతే. మీరు రాసిన దాంట్లో నన్ను పట్టుకున్నది వేరే ఉంది.

ఉత్తరం రెండుసార్లు చదివాను. భర్త ఒక్క వాక్యంలో ఉన్నారు. అత్తగారు అసలు లేరు. ఎటు తిప్పినా నాన్నగారే. చదివించింది ఆయన, క్రెష్ వద్దన్నది ఆయన, చాలన్నది ఆయన. చదివించారు కాబట్టి ఆపే హక్కు కూడా ఆయనకే ఉందని మీరు లోపల ఒప్పేసుకున్నారు, అదే నాకు మింగుడు పడలేదు. తండ్రికి కూతురు రుణపడి ఉంటుంది, నిజమే, నేనూ అలాగే పెరిగాను, దాన్ని వెక్కిరించేవాళ్ళంటే నాకు చిరాకు కూడా. ఆయనకి ఒంట్లో బాగాలేకపోతే లీవు పెట్టి వెళ్ళండి, ఆసుపత్రి బిల్లు కట్టండి, ముసలితనంలో మీ దగ్గర పెట్టుకోండి. కానీ పదకొండేళ్ళు రాత్రింబగళ్ళు నేర్చుకున్న పనిని ఆయన కాళ్ళ దగ్గర పెట్టి రావడం రుణం తీర్చుకోవడం ఎలా అవుతుంది?

మీరుంటున్న ఊళ్ళోనే, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో, పప్పు సుబ్బారావు గారని ఎలక్ట్రికల్ ప్రొఫెసర్ ఉండేవారు. మన తెలుగువారే. కూతురు లలితకి పదిహేనేళ్ళకే పెళ్ళి చేశారు. పద్దెనిమిదేళ్ళకి భర్త పోయాడు, అప్పటికి చేతిలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లని ఏ మూల కూర్చోబెట్టేవాళ్ళో మీ అమ్మమ్మ తరం వాళ్ళనడిగితే చెబుతారు. ఆయన ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, అంతకుముందు ఆడపిల్లే లేని ఆ కాలేజీలో 1940లో కూతుర్ని చేర్పించారు. చదువు పూర్తయ్యాక ఆవిడ డిగ్రీ పట్టా మీద అచ్చులో ఉన్న ‘హీ’ని కొట్టేసి చేత్తో ‘షీ’ అని రాయాల్సి వచ్చిందట. అయ్యలసోమయాజుల లలిత అంటే దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు. కలకత్తాలో ఉద్యోగం చేస్తుంటే అక్కడి సోదరుడి ఇంటివాళ్ళు పాపని చూసుకున్నారు, ఆవిడ భాక్రా నంగల్ డ్యామ్ విద్యుత్ లైన్ల పని చేశారు, 1964లో మహిళా ఇంజనీర్ల సదస్సుకి న్యూయార్క్ దాకా వెళ్ళారు. వేలచ్చేరి వైపు నుంచో అడయార్ వైపు నుంచో ఆ కాలేజీ ముందు మీరెన్నిసార్లు వెళ్ళి ఉంటారో. మీ నాన్నగారూ ఆ కోవలోని మనిషే, కొడుకుతో సమానంగా చదివించారంటే మామూలు విషయం కాదు. అలాంటాయన ఇప్పుడెందుకు తడబడుతున్నారు?

‘ఇల్లు ఎవరు చూస్తారు’ అన్నారు కదా. ఏ ఇల్లు? మీ ఇల్లు మీ అమ్మగారు చూస్తూనే ఉన్నారు, పాప ఆకలికి ఏడవడం లేదు. నెలలో ఇరవై రోజులు చూసే దిక్కులేనిది నెల్లూరు ఇల్లు! రిటైరయిన మనిషి, ఉదయం పేపరు చదివేసి, మధ్యాహ్నం చల్లారిపోయిన క్యారేజీ విప్పుకుని ఒక్కరే తింటున్నారు. ‘నా భార్యని నాకు పంపమ్మా’ అని కూతుర్ని అడగడం మన మగవాళ్ళకి, అందులోనూ ఆ వయసు వాళ్ళకి, చేతకాదు. సిగ్గు. అందుకని ‘సంపాదించింది చాలు’ అన్నారు. నా అనుమానం ఇది, తప్పయితే మీరే దిద్దండి, కానీ మెస్ క్యారేజీ సంగతి నేనడక్కుండానే రాశారంటే మీ మనసులోనూ అది ఎక్కడో కెలుకుతూనే ఉంది.

అందుకని ఉద్యోగం ఎందుకు మానాలి? అమ్మగారికి సెలవివ్వండి. క్రెష్ ఎవరో దయతో పెట్టింది కాదు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు 26 వారాల సెలవుతో పాటు, 50 మంది అంతకుమించి పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసి రావచ్చని రాశారు. చట్టం ఇచ్చింది, మీ ఆఫీసు కట్టింది, మీరే పక్కన పెట్టారు. మొదటి రెండు వారాలు పాప ఏడుస్తుంది. మీరూ ఏడుస్తారు. తర్వాత అక్కడి పిల్లలతో ఆడుకుని, ఇంటికొచ్చి నాలుగు తమిళ ముక్కలు మాట్లాడుతుంది.

‘నీ ఇష్టం’ అనే భర్తల గురించి విడిగా ఒకసారి రాయాలి. ప్రస్తుతానికి ఆయనకి ఇష్టాలు వద్దు, రోజులు చెప్పండి. కాల్స్ ఉన్న రాత్రులు పాపకి అన్నం పెట్టి నిద్రపుచ్చేది ఆయనే. మధ్యలో తలుపు కొట్టి డైపర్లెక్కడ అని అడక్కూడదు.

నేనూ ఒక మాట ఒప్పుకోవాలి. ఇదివరకు ఇలాంటి ఉత్తరాలకి ‘కొన్నాళ్ళు సర్దుకోమ్మా, పిల్లలు పెద్దయ్యాక చూడొచ్చు’ అనే రాసేదాన్ని. అలా సర్దుకున్నవాళ్ళు నలభై ఐదేళ్ళకి మళ్ళీ నా దగ్గరికొచ్చారు, ఇప్పుడు నేనెవరినండీ అని. దేశంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో మూడో వంతు పైనే ఆడవాళ్ళని సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ లెక్క, మరి మీ టీమ్‌లో ఇద్దరే ఎందుకున్నారు? మిగతావాళ్ళకి తెలివి తక్కువై కాదు. మీ వయసులో, మీలాంటి ఉత్తరమే ఎవరికో రాసి వెళ్ళిపోయారు.

ఈ శనివారం సెంట్రల్‌లో రైలెక్కండి, ఒక్కరే. మూడు గంటల ప్రయాణం. నాన్నగారితో కలిసి ఆ క్యారేజీ అన్నమే తినండి. తిన్నాక, అడుగుతున్నట్టు కాకుండా చెబుతున్నట్టు చెప్పండి: ప్రమోషన్ తీసుకుంటున్నాను, పాపని క్రెష్‌లో వేస్తున్నాను, అమ్మని పంపిస్తున్నాను. మొదటి రెండిటికీ కోప్పడతారు. మూడోది విన్నప్పుడు ఆయన ముఖం చూడండి.

వెళ్ళే ముందు అమ్మగారిని కూడా ఒకసారి అడగండి, ఆవిడకి నెల్లూరు వెళ్ళాలని ఉందో, ఇక్కడే మనవరాలితో బాగుందో. ఇంత ఉత్తరంలో ఆవిడ ఏమన్నారో ఒక్క ముక్క లేదు, నేనూ ఇప్పటిదాకా ఆవిడని అక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి సామానులాగే పంపిస్తూ వచ్చాను.