బయోమెడికల్ చదివితే చేతికొచ్చే పని ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి నల్లగొండలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. ఈఏపీసెట్ రాసి బయోమెడికల్ ఇంజినీరింగ్ తీసుకుంటానని పట్టుబట్టింది. ఆస్పత్రి మిషన్లు, గుండెలో పెట్టే పరికరాలంటే తనకు ఇష్టం. చుట్టాలేమో ఆ బ్రాంచికి ఉద్యోగాలుండవు, ఈసీఈ ఇప్పించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, హాలియా

జవాబు: మీ చుట్టాలు చెప్పింది సగం నిజమండీ. క్యాంపస్‌కొచ్చే కంపెనీలను లెక్కపెడితే బయోమెడికల్ వెనకబడే ఉంటుంది. వైద్య పరికరాల రంగంలో పనే లేదనడం మాత్రం సరికాదు. అసలు విషయం ఏమిటంటే, ఆ పనుల్లోకి ఈసీఈ, మెకానికల్, సీఎస్ఈ వాళ్లు కూడా వస్తారు. బయోమెడికల్ పట్టా ఒక్కటే దారి కాదు. అందుకని నా మాట ఇది: ఆస్పత్రితో నిజంగా సంబంధమున్న కాలేజీలో సీటొస్తే బయోమెడికల్ తీసుకోండి. రాకపోతే మంచి కాలేజీలో ఈసీఈ తీసుకుని, పరికరాల వైపు తర్వాత మళ్లొచ్చు. పేరుకే బ్రాంచి ఉండి, ల్యాబులో రెండు పాత ఈసీజీ మిషన్లున్న కాలేజీకి మాత్రం ఫీజు కట్టకండి.

ముందు అమ్మాయికి పని స్వభావం తెలియాలి. బయోమెడికల్ ఇంజినీరు డాక్టరు కాదు, రోగికి వైద్యం చేయరు. రోగికి తగిలే మిషను సరిగ్గా పనిచేసేలా చూడటం వాళ్ల బాధ్యత. ఆపరేషన్ థియేటర్లో వాడే కాటరీనే తీసుకోండి. అది సుమారు 300 నుంచి 500 కిలోహెర్ట్జ్ కరెంటుతో కండను కోస్తుంది. ఆ కరెంటు తిరిగి మిషనులోకి వెళ్లడానికి రోగి తొడకో వీపుకో ఒక ప్లేటు అంటిస్తారు. ప్లేటు ఒక అంచున లేచినా, జెల్ ఎండిపోయినా కరెంటంతా మిగిలిన కొంచెం చోటు గుండానే వెళ్తుంది, అక్కడ చర్మం కాలిపోతుంది. మత్తులో ఉన్న మనిషికి తెలియదు. అందుకే ఇప్పటి ప్లేట్లను రెండు భాగాలుగా చేసి, వాటి మధ్య ఇంపెడెన్స్‌ను, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డును, మిషను కొలుస్తూ ఉండేలా పెట్టారు. తేడా రాగానే కరెంటు ఆగిపోతుంది. అలారం పదేపదే మోగుతోందని దాన్ని దాటవేసే ఉపాయం ఎవరైనా అడిగితే, కుదరదని చెప్పాల్సింది బయోమెడికల్ ఇంజినీరే.

వెంటిలేటర్లో ఆక్సిజన్ శాతాన్ని కొలిచే ఆక్సిజన్ సెల్ ఉంటుంది. చాలా మిషన్లలో అది గాల్వానిక్ రకం, అంటే బ్యాటరీలా రసాయన చర్యతో నడిచేది. వాడినా వాడకపోయినా గాలి తగులుతూనే అరిగిపోతుంది, ఏడాది రెండేళ్లలో మార్చాలి. 21 శాతం దగ్గర, 100 శాతం దగ్గర క్యాలిబ్రేషన్ చేస్తే దాని పరిస్థితి తెలుస్తుంది. కొత్తదే కదా అని స్టోర్లో రెండేళ్లు ఉంచిన సెల్ బిగించి, మిషనే పాడైందనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

ఇక ఎర్తింగ్. మన జిల్లాల్లోని చిన్న నర్సింగ్ హోముల్లో మూడో పిన్ను విరిచేసి ప్లగ్గు పెట్టడం చూస్తూనే ఉంటాం. ఇంట్లో మిక్సీకైనా అది ప్రమాదమే, కానీ గుండె దాకా క్యాథెటర్ (సన్నని గొట్టం) వేసిన రోగి దగ్గర చర్మపు అడ్డు ఉండదు. పదుల మైక్రో ఆంపియర్ల కరెంటే గుండె లయను చెడగొట్టగలదు. గుండెకు నేరుగా తగిలే పరికరాల్లో మామూలు స్థితిలో రోగికి చేరే లీకేజీ 10 మైక్రో ఆంపియర్లు దాటకూడదని ఐఈసీ 60601 ప్రమాణం చెబుతుంది. లీకేజీ కొలవడం, పవర్ కార్డుతో కలిపి ఎర్త్ రెసిస్టెన్స్ 0.2 ఓమ్ లోపు ఉందో లేదో చూడటం ఈ ఉద్యోగంలో రోజువారీ పని. అమ్మాయికి ఇలాంటివి విసుగనిపిస్తే బ్రాంచి గురించి మళ్లీ ఆలోచించమనండి. ఆసక్తి పెరిగితే మాత్రం ఆపకండి.

కొత్త పరికరాల సంగతికి వస్తే, ఒక్కొక్కటీ ఒక్కో చదువును అడుగుతుంది. తీగల్లేని పేస్‌మేకర్‌కు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. సుమారు రెండు గ్రాముల బరువు, తొడ రక్తనాళం గుండా తీసుకెళ్లి గుండె లోపలే తగిలిస్తారు. పాత పేస్‌మేకర్లలో తరచూ ఇబ్బంది పెట్టేది తీగే: ఇన్సులేషన్ చెడుతుంది, విరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ పడుతుంది. ఆ తీగ లేకుండా చేయాలంటే అతి తక్కువ కరెంటుతో ఏళ్ల తరబడి నడిచే చిప్ కావాలి. అది పక్కా ఈసీఈ పని. గుండె దడకు చేసే అబ్లేషన్‌లో (లయ చెడగొట్టే కండను నిర్వీర్యం చేసే చికిత్సలో) వేడికి బదులు విద్యుత్ పల్స్‌లు వాడే పద్ధతికి 2023 డిసెంబరు, 2024 జనవరి నెలల్లో అక్కడ అనుమతులొచ్చాయి. గుండె కండరం ఆ పల్స్‌లకు త్వరగా లొంగుతుంది, పక్కనున్న అన్నవాహికకు హాని తక్కువ. ఇక్కడ హై వోల్టేజ్ ఎలక్ట్రానిక్సూ కావాలి, కణం పొర ఎలా పనిచేస్తుందో కూడా తెలియాలి. బయోమెడికల్ చదివినవాళ్లకు అసలైన పైచేయి ఇలాంటి చోటే.

చేతికి అంటించుకునే షుగర్ సెన్సర్ చూసే ఉంటారు. అది రక్తాన్ని కొలవదు. చర్మం కింది ద్రవంలో గ్లూకోజ్‌ను ఎంజైముతో కొలుస్తుంది, అందుకే రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనక నడుస్తుంది. ఆ చేయి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని లో-షుగర్ చూపిస్తుంది. ఈ తప్పుడు అంకెను గుర్తుపట్టే ప్రోగ్రాం రాయడం సాఫ్ట్‌వేర్ పనే. అయినా శరీరం గురించి తెలియనివాళ్లు దాన్ని రాయలేరు. ఛాతీ ఎక్స్‌రే చూసి టీబీ అనుమానాన్ని చెప్పే సాఫ్ట్‌వేర్‌ను 15 ఏళ్లు దాటినవారి స్క్రీనింగ్‌లో వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఒక ఎక్స్‌రే మిషన్ ఫిల్ములతో నేర్పిన ప్రోగ్రాం వేరే మిషన్ దగ్గర తడబడుతుంది. అది పట్టుకోవడానికి మనుషులు కావాలి.

చాలామంది పిల్లలకు తెలియని ఉద్యోగం ఒకటుంది, రెగ్యులేటరీ: పరికరానికి ప్రభుత్వ అనుమతులు తెచ్చే పని. మన దేశంలో మెడికల్ డివైసెస్ రూల్స్ 2017లో వచ్చి, 2018 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చాయి. పరికరాలను ప్రమాదాన్ని బట్టి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులు చేశారు. నాలుక అదిమిపట్టే పుల్ల ఏ, ఇంజెక్షన్ సూది బీ, వెంటిలేటర్ సీ, గుండె కవాటం డీ. సీ, డీ తరగతులకు కూడా 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరైంది. దాంతో చిన్న కంపెనీలకు సైతం డివైస్ మాస్టర్ ఫైల్, రిస్క్ మేనేజ్‌మెంట్ ఫైల్ రాసేవాళ్లు, వైద్య పరికరాల క్వాలిటీ ప్రమాణమైన ఐఎస్ఓ 13485 ప్రకారం క్వాలిటీ నడిపేవాళ్లు అవసరమయ్యారు. రాయడం, చదవడం ఓపిగ్గా చేసే పిల్లలకు ఇది మంచి దారి. తిరుగుడు తక్కువ, అనుభవంతో విలువ పెరుగుతుంది. సర్వీస్ ఇంజినీర్ ఉద్యోగాలు తేలిగ్గా దొరుకుతాయి కానీ రాత్రి పూట బ్రేక్‌డౌన్ కాల్స్, జిల్లాలు తిరగడం ఉంటాయి. ఆడపిల్లకు కుదరదని మీరే తీర్మానించకండి, తననే అడగండి. తొలి జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉంటుందని మాత్రం ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

కాలేజీల విషయం. నల్లగొండలో ఉండే చదవాలంటే మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఉంది. బయోమెడికల్ కోసం హైదరాబాద్ వైపు వెళ్లక తప్పదు: ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో, మెదక్ జిల్లా నర్సాపూర్‌లోని బీవీఆర్ఐటీలో ఈ బ్రాంచి ఉంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి వెళ్లి మూడు విషయాలు అడగండి. పిల్లలను ఏ ఆస్పత్రికి, ఎన్ని వారాలు పంపుతారు? ల్యాబులో ఎలక్ట్రికల్ సేఫ్టీ అనలైజర్, రోగి సిగ్నళ్లను నకలు చేసే పేషెంట్ సిమ్యులేటర్ ఉన్నాయా? కిందటి బ్యాచ్‌లో ఎంతమంది పరికరాల కంపెనీల్లో, ఎంతమంది సాఫ్ట్‌వేర్‌లో చేరారు? మూడోదానికి నీళ్లు నమిలితే జవాబు దొరికినట్టే. బయోటెక్నాలజీ, బయోఇన్ఫర్మాటిక్స్ వేరే చదువులు, పేరు చూసి ఆప్షన్ పెట్టేయకండి.

ఏ బ్రాంచిలో చేరినా రెండో ఏడాదికల్లా చేత్తో ఏదో ఒకటి కట్టాలి. మన ప్రాంతానికి పనికొచ్చేది ఒకటి చెబుతాను. ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఇప్పటికీ ఉన్నారు. మోకాలు ఎంత వంగుతుందో కొలిచే పట్టీ తయారుచేయొచ్చు: ఒక ఈఎస్‌పీ 32 మైక్రోకంట్రోలర్ బోర్డు, కదలికను కొలిచే రెండు ఎంపీయూ 6050 సెన్సర్లు, చిన్న బ్యాటరీ, వెల్క్రో పట్టీలు. ఒక సెన్సర్ తొడకు, ఒకటి పిక్కకు. రెండింటి కోణాల తేడాయే మోకాలి వంపు. రెండు సెన్సర్లకూ ఒకే అడ్రస్ ఉంటుంది కాబట్టి ఒకదాని ఏడీ0 పిన్నును 3.3 వోల్టులకు కలపాలి, లేకుంటే బోర్డుకు ఒక్కటే కనిపిస్తుంది. సెన్సర్లో తిరిగే వేగాన్ని కొలిచే గైరో అంకెలను కూడుతూ పోతే కాసేపటికే కోణం దానంతటదే జరిగిపోతుంది. వాలును చెప్పే యాక్సెలరోమీటర్ అంకెతో కలిపి కాంప్లిమెంటరీ ఫిల్టర్ (రెండింటినీ తగుపాళ్లలో కలిపే లెక్క) వేస్తే నిలబడుతుంది. పట్టీ జారితే మాత్రం ఏ ఫిల్టరూ కాపాడదు. ఫిజియోథెరపిస్టులు కీలు కోణం కొలవడానికి వాడే గోనియోమీటర్‌తో పక్కపక్కన కొలిచి తేడా రాసుకోవాలి. రోగుల మీద కొలవాలంటే ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి.

ఏడీ 8232 బోర్డుతో ఈసీజీ చేసే పిల్లలకు ఒక జాగ్రత్త: ఒంటికి ఎలక్ట్రోడ్లు ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్‌ను చార్జర్ నుంచి తీసేయాలి. గుండె సిగ్నల్ ఒక మిల్లీవోల్టు దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ రొద ఎలాగూ దూరుతుంది. అది చిన్న చికాకు. పాడైన చార్జర్ గుండా కరెంటు ఒంట్లోకి రావడం అసలు ప్రమాదం.

సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కు బీబీనగర్ ఎయిమ్స్, నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి మీకు దగ్గర. కాలేజీ లెటర్‌హెడ్ మీద, ఏ విభాగంలో ఎన్ని రోజులో స్పష్టంగా రాసి సూపరింటెండెంట్ ఆఫీసులో ఇవ్వాలి. జిల్లా ఆస్పత్రుల్లో పరికరాలు 95 శాతం సమయం పనిచేస్తూ ఉండాలన్నది జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో మొదలుపెట్టిన నిర్వహణ కార్యక్రమం లక్ష్యం. ఆ రికార్డులు చూడనిస్తే, ఏ మిషను ఎందుకు మూలపడిందో నెల రోజుల్లో తెలిసిపోతుంది. ఎక్కువసార్లు ప్రోబ్ వైరు, బ్యాటరీ, ఫ్యూజు లాంటి చిన్నవే కారణంగా కనిపిస్తాయి.

సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో స్టెంట్లు తయారవుతున్నాయి, నానక్‌రాంగూడలో మెడ్‌ట్రానిక్ పరిశోధన కేంద్రం ఉంది. మొదటిదాంట్లో మెకానికల్, మెటీరియల్స్, క్వాలిటీ తెలిసినవాళ్లకు చోటెక్కువ. రెండోదాంట్లో ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్, టెస్టింగ్. అక్కడ వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన ఐఈసీ 62304 అంటే ఏమిటో చెప్పగలిగిన ఈసీఈ అమ్మాయి, చెప్పలేని బయోమెడికల్ అమ్మాయి కంటే ముందుంటుంది.

ఈసీఈలో చేరితే దారి మూసుకుపోదు. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ ప్రత్యేకంగా ఉంది, ఈసీఈ వాళ్లూ రాయొచ్చు. ఐఐటీ మద్రాస్, తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ, వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది. మన దేశపు గుండె కవాటం తయారైంది ఆ శ్రీచిత్రలోనే, 1990లో తొలిసారి రోగికి అమర్చారు. మూడో ఏడాదిలో సిగ్నల్ ప్రాసెసింగ్, ఎంబెడెడ్ సిస్టమ్స్ ఎలెక్టివ్‌లు తీసుకుని, శరీర నిర్మాణం, ఫిజియాలజీ విడిగా చదువుకుంటే సరిపోతుంది. ఎంపీసీ వాళ్లకు ఆ రెండూ కొత్త కాబట్టి ఆర్నెల్లు ముందే మొదలుపెట్టమనండి.