క్రాష్ బ్యారియర్ పని చేతికొచ్చిన మా అమ్మాయికి

అమ్మా,

మదనపల్లె రోడ్డు పనిలో క్రాష్ బ్యారియర్ల, అంటే బండి రోడ్డు దాటి పడకుండా అంచున వేసే ఇనుప అడ్డాల బాధ్యత నీకు అప్పగించారని మీ నాయన చెప్పినాడు. "ఏముంది, పోస్టులు పాతి రేకు బిగించడమే కదా" అన్నావంట. పని నిజంగా అంతే. కానీ ఆ బిగించడంలో ఏం తేడా చేసినా నీ చేతిలో ఉన్న టెస్టు సర్టిఫికెట్ చిత్తుకాగితమే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఎక్కడ వేయకూడదో చూడు. బ్యారియర్ కూడా బండికి అడ్డమే. దాన్ని గుద్దితే దెబ్బ తగలదని కాదు, లోయలో పడేకంటే తక్కువ తగులుతుందని వేస్తాం. రోడ్డు కట్ట ఏటవాలు ఒకటికి నాలుగు (నాలుగు మీటర్లు పక్కకు పోతే ఒక మీటరు దిగడం), లేదా అంతకన్నా మెల్లగా ఉండి, కింద బండ, చెట్టు, కల్వర్టు గోడ లాంటివి లేకపోతే బండి దిగినా డ్రైవరు మళ్ళీ పైకి తిప్పుకోగలడు. అక్కడ రేకు దండగ. ఒక్క చెట్టుకో ఒక్క బండకో భయపడి వంద మీటర్ల రేకు వేయమంటే, ముందు ఆ బండను తీయించే దారి చూడు.

ఇక టెస్టు సంగతి. యూరప్ వాళ్ళ బ్యారియర్ ప్రమాణం ఈఎన్ 1317 ప్రకారం 1,500 కిలోల కారును 110 కిలోమీటర్ల వేగంతో, 20 డిగ్రీల కోణంలో బ్యారియర్‌కు గుద్దిస్తారు. 900 కిలోల చిన్న కారును 100 వేగంతో విడిగా గుద్దిస్తారు. బరువు బండితో చూసేది బ్యారియర్ ఆపుతుందా అని. తేలిక బండితో చూసేది లోపల మనిషి బతుకుతాడా అని. రెండూ పాసవ్వాలి. గోడలాగా గట్టిగా ఉంటే మొదటిది పాసై రెండోదానిలో ఫెయిలయ్యే ప్రమాదం ఉంది. అమెరికా వాళ్ళు మాష్ పద్ధతిలో 2,270 కిలోల పికప్‌ను 25 డిగ్రీల కోణంలో గుద్దిస్తారు. మనకు 2015లో వచ్చిన ఐఆర్‌సీ 119, అంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ బ్యారియర్ల మార్గదర్శకం ఉంది, నీ సైటు ఆఫీసులో పెట్టుకో.

ఒక లెక్క కాగితం మీద వేసి చూడు. బ్యారియర్ మీద పడేది బండి వేగమంతా కాదు, దానిలో పక్కకు వచ్చే భాగం. ఆ 1,500 కిలోల కారు విషయంలో ఆ శక్తి దాదాపు 82 కిలోజౌళ్ళు. 13 టన్నుల బస్సు 70 వేగంతో అదే 20 డిగ్రీల్లో వస్తే సుమారు 287. అంటే మూడున్నర రెట్లు. కారు కోసం పాసైన రేకు బస్సును ఆపుతుందనుకోవడం మన ఆశ మాత్రమే. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వస్తున్న ధర్మవరం వాళ్ళ బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో లారీ డివైడర్ దాటొచ్చి ఆర్టీసీ బస్సును గుద్దింది. ఘాట్ పని చేసేవాళ్ళు ఆ రెండూ మర్చిపోకూడదు. లోయవైపు, డివైడర్ మీద ఏ స్థాయి బ్యారియర్ డిజైన్ చేశారో పై ఆఫీసును రాతపూర్వకంగా అడుగు. మొహమాటపడకు.

ఇక పోస్టులు. మన మామూలు డబ్ల్యూ బీమ్‌కు (డబ్ల్యూ ఆకారంలో వంచిన రేకు) 1.8 మీటర్ల పోస్టు, అందులో 1.1 మీటర్లు నేలలోకి పోవాలి. కొండరాయి తగిలిందంటే కూలీలు గ్యాస్ కట్టర్‌తో పోస్టును కోసేసి పైకి మాత్రం సమానంగా నిలబెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పట్టుకోదు. పాతకముందే ప్రతి పోస్టు మీద 1.1 దగ్గర ఎర్ర పెయింటు గీత గీయించు. గీత బయట కనిపిస్తే ఆ రోజు బిల్లు రాయొద్దు. రాయి ఉన్నచోట వెడల్పుగా డ్రిల్ చేసి, గులకతో నింపాలి. కాంక్రీటు పోసేస్తే పోస్టు మట్టిలో వాలాల్సింది వాలదు, ఆ లెక్కే మారిపోతుంది. పోస్టు వెనక కనీసం 60 సెంటీమీటర్లు చదునైన మట్టి ఉండాలి. కట్ట అంచున పాతితే తోసినప్పుడు మట్టితో సహా జారిపోతుంది.

రేకు ఎత్తు రోడ్డు మీద నుంచి 70 సెంటీమీటర్లు. అమెరికాలో ఒకప్పుడు దాదాపు ఇంతే ఉండేది. ఎత్తు బండ్లు ఎక్కిపోతున్నాయని తర్వాత 79కి పెంచారు. మన దగ్గర ఓవర్‌లే, అంటే పాత రోడ్డు మీద కొత్త తారు పొర వేసిన ప్రతిసారీ రోడ్డు లేస్తుంది, రేకు అక్కడే ఉంటుంది. తారు వేసే కాంట్రాక్టరు వేరు, రేకు వేసే కాంట్రాక్టరు వేరు అయినప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తుండదు. తారు అయిపోయాక మళ్ళీ కొలువు.

రేకుల అతుకు పెంకుటింటి పైకప్పు లాంటిది. బండ్లు వచ్చే వైపు రేకు పైన, తర్వాతది కింద ఉండాలి. నువ్వు బండ్లు పోయే దిక్కున నడుస్తూ అరచేతితో రాస్తూ పో, అంచు చేతికి తగిలిందంటే తిరగేసి బిగించారని అర్థం. పోస్టుకూ రేకుకూ మధ్య ఎడం ఉంచే స్పేసర్ ముక్క లేకపోతే కారు చక్రం పోస్టుకు తగులుకుంటుంది. ఇంకోటి, "గట్టిగా ఉంటుంది మేడమ్" అంటూ బోల్టు తల కింద పెద్ద పలక వాషర్లు వేస్తారు. డ్రాయింగులో లేకపోతే తీయించు. పోస్టు వాలినప్పుడు రేకు దాన్ని వదిలేయాలి. వదలకపోతే పోస్టుతోపాటు కిందికి వంగి కారుకు మెట్టు అవుతుంది.

నన్నడిగితే పనంతా కొసల్లోనే ఉంది. మొండిగా వదిలేసిన రేకు కొస ఎదురుగా వచ్చే కారులోకి ఈటెలాగా దిగుతుంది. దానికి భయపడి కొసను నేలలోకి వంచి పాతుతారు. అది బండిని పైకెక్కించి బోల్తా కొట్టిస్తుంది. వేగపు రోడ్ల మీద అమెరికా వాళ్ళు అలాంటి కొసలు వేయడం మానేసి చాలా కాలమైంది. ఘాట్‌లో మనకొక సౌకర్యం ఉంది, కొండవైపు తవ్విన చోట రేకును మెల్లగా పక్కకు తిప్పి గట్టులోకి పాతేయొచ్చు. అది కుదరనిచోట టెస్టు చేసిన ఎండ్ టెర్మినలే, అంటే కొసకు బిగించే ప్రత్యేకమైన భాగమే అడుగు. వంతెన దగ్గర కూడా అంతే. వంగే రేకు వచ్చి వంగని కాంక్రీటు పిట్టగోడ దగ్గర ఆగిపోతే కారు ఆ సందులోకి పోయి గోడను గుద్దుతుంది. గోడ దగ్గరయ్యేకొద్దీ పోస్టులు దగ్గర దగ్గరగా వేసి, రేకును గోడకే బోల్టులతో బిగించాలి.

మామిడితోటల వాళ్ళు దారి కోసం రాత్రికి రాత్రి రేకు విప్పేస్తారు. తిట్టి లాభం లేదు. ముందే ఊళ్ళో కూర్చుని ఎక్కడ దారి కావాలో అడిగి, అక్కడ సరైన కొసలతో ఖాళీ వదులు. కొండకు నడిచిపోయే భక్తులకు రేకు వెనకే దారి వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. గుద్దినప్పుడు రేకు వెనక్కి వంగేది ఆ జాగాలోకే.

మహారాష్ట్రలో 2023లో వెదురు బ్యారియర్ 200 మీటర్లు వేశారు, దాన్ని పీతంపూర్ టెస్టు ట్రాక్‌లో పరీక్షించాకే వేశారు. మీ కాంట్రాక్టరు ఇనుము వాడుతున్నాడని నమ్మకం పెట్టుకోకుండా టెస్టు రిపోర్టు మొత్తం తెప్పించు, మొదటి పేజీ ఒక్కటే కాదు. అందులో పోస్టు దూరం, బోల్టు సైజు, మట్టి రకం రాసుంటాయి. సైటులో ఉన్నదానితో సరిచూడు.

నా స్టీలు టేపు మీ నాయన చేత పంపిస్తున్నా. మొదటి సెంటీమీటరు అరిగింది, పది దగ్గర పట్టుకుని కొలిచి పది తీసెయ్.

మీ పెదనాయన