పది నిమిషాల పనికి ప్లంబర్ ఐదొందలు తీసుకుంటే అన్యాయమా?

సింకు కింద కారుతుంటే ప్లంబర్‌ని పిలిచారు, పది నిమిషాల్లో బాగుచేసి ఐదొందలు పట్టుకెళ్లాడు, ఎందుకంత అంటే సరిగ్గా చెప్పలేదు, అసలు వీళ్లు రేటు ఎలా కడతారు అన్నది మీ ప్రశ్న. పాలకొల్లులో మా మావయ్య పైపుల షాపులో చాలా ఏళ్లు కౌంటర్ మీద కూర్చున్నాను. ప్లంబర్ల బాధా విన్నాను, ఇంటివాళ్ల తిట్లూ విన్నాను. నా లెక్కలో ఐదొందలు ఎక్కువేం కాదు. ఆ మాట పని మొదలుపెట్టక ముందు చెప్పలేదు చూడండి, అది మాత్రం తప్పే.

కొత్త ఇంటి పనికి ఈ గొడవ రాదు. పాయింటుకింత, బాత్రూముకింత, లేదంటే చదరపు అడుగుకింత అని ముందే ఖాయం చేసుకుంటారు. గోడ గాడి కొట్టేది ఎవరు, పూడ్చేది ఎవరు అన్నది కూడా అప్పుడే తేలిపోతుంది. చిక్కంతా రిపేరు దగ్గరే. మీరు గడియారం చూసుకుంటారు, ప్లంబర్ పూట చూసుకుంటాడు. మీ ఇంటికి రావడానికి ఒక పూట పోయిందంటే ఆ పూట కూలీ గిట్టాలి అతనికి. మధ్యలో వాషర్ కోసం షాపుకెళ్లి రావడం, సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపుకి పెట్టిన జిగురు అతుకు ఆరేదాకా నీళ్లు వదలకుండా కూర్చోవడం, ఇవన్నీ అందులోవే. "కూర్చున్నందుకు కూడా డబ్బులా?" అంటారు కొందరు. అతుకు ఆరకుండా నీళ్లు వదిలితే అది ఊడొచ్చి మళ్లీ పిలవాల్సింది మీరేనండీ.

మా గోదావరి జిల్లాల్లో దీనికి తోడు ఇంకో అలవాటుంది. ఎంతయ్యా అంటే "మీ ఇష్టం అండీ, మీకు తెలియనిదా" అంటారు. మర్యాదకే అంటారు గానీ, అసలు గొడవ మొదలయ్యేది ఆ మాట దగ్గరే.

మా పెదనాన్న రిటైరైన మేష్టారు. వాళ్ల ఇంట్లో నూతి మీద మోటారు. ఒక ఎండాకాలం, దాళ్వా అనే రెండో పంట వరి కోతలై కాలువలకి నీళ్లు ఆపేశాక, మోటారు కాసేపు నీళ్లు పోసి గుడగుడమని ఆగిపోవడం మొదలైంది. మొదట వచ్చిన కుర్రాడు ఫుట్ వాల్వ్, అంటే పైపు అడుగున నీళ్లు జారిపోకుండా ఆపేది, పోయిందన్నాడు. నూతిలోంచి పైపంతా పైకి లాగి కొత్తది వేసి పద్దెనిమిది వందలు తీసుకున్నాడు. పెదనాన్న మారుమాట్లాడకుండా ఇచ్చేశారు. పాత వాల్వ్ చేతిలో పెట్టాడు కదా, డబ్బు దేనికి పోయిందో కంటికి కనిపించింది. కొన్నాళ్లకే మళ్లీ అదే గుడగుడ. ఇంకొకతను వచ్చి నీళ్లు దిగిపోయాయి, ఇంకో పైపు అతికించి కిందికి దించాలన్నాడు.

చివరికి మా షాపుకి ఎప్పట్నుంచో వచ్చే పెద్ద మేస్త్రిని నేనే పంపి, వెనకాలే నేనూ వెళ్లాను. ఆయన రెంచి బయటకు తియ్యలేదు. మోటారులో నీళ్లు పోయించి ఆన్ చేయమని, పక్కన గొంతుక్కూర్చుని చప్పుడు విన్నాడు. తర్వాత పెద్దమ్మనడిగి ఒంటిసబ్బు తెప్పించుకుని, చేతిలో నురగ చేసి, నూతి నుంచి మోటారుకి వచ్చే పైపు మీద ఒక్కో అతుక్కీ పట్టిస్తూ వచ్చాడు. అన్ని చోట్లా నురగ అలాగే ఉంది. పైపు విప్పుకోవడానికి వేసే జాయింటు, యూనియన్ అంటారు, దాని పక్కన మర దగ్గర మాత్రం చిటుక్కున లోపలికి పీల్చేసుకుంది. గాలి అక్కడ దూరుతోంది. నీళ్లు పైకున్నప్పుడు ఆ సందు బయటపడలేదు. నీళ్లు లోతుకి పోయేసరికి మోటారు గట్టిగా లాగాలి కాబట్టి గాలి కూడా లాగేస్తోంది. మొదటి కుర్రాడు పైపు ఎత్తి దించినప్పుడు అది కాస్త బిగుసుకుని కొన్నాళ్లు ఆగిందంతే. మేస్త్రి యూనియన్ విప్పి, మరల తుప్పు వైరు బ్రష్‌తో గీకి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాడు. నీళ్లు దబదబా పడ్డాయి.

"ఎంతివ్వమంటావు మేస్త్రీ?"

"మీ ఇష్టం మేష్టారండీ."

పెదనాన్న రెండొందలు చాపారు. మేస్త్రి చెయ్యి చాపలేదు.

"ఏం, చాల్లేదా? టేపు ఒక్కటేగా వేశావు!"

"ఆయ్, టేపేనండీ. నేను కూడా ఏదో ఒకటి మార్చేసి ఉంటే రెండు వేలైనా ఇచ్చేవోరు. మార్చక్కర్లేదని కనిపెట్టినందుకు రెండొందలాండీ? ఈ పూటకి నేనింకో చోటికి ఎల్లలేను. ఆరొందలు ఇప్పించండి."

పెదనాన్న కాసేపు ఏమీ అనలేదు. లోపలికెళ్లి ఆరొందలు తెచ్చిచ్చారు. ఆ మోటారుకి మళ్లీ ఆ తేడా రాలేదు.

నేను నమ్మేది ఇదే. తేడా ఎక్కడుందో కనిపెట్టడానికి విడిగా ఛార్జీ ఉండాలి, అది ప్లంబర్ గుమ్మంలోనే చెప్పాలి. "చూసినందుకింత, పని చేస్తే ఇంత, సామాను బిల్లు మీరే షాపులో కట్టుకోండి" అంటే చాలు. ఇంటివాళ్లు చూసినందుకు పైసా ఇవ్వరు కాబట్టే ఆ డబ్బు సామాన్లో దూరుతోంది. సామాను చీటీలో రెండు ఎల్బోలు, ఒక టీ, అంటే పైపు మలుపులకీ చీలికలకీ వేసే ముక్కలు, ఎక్కువ రాయడం, షాపులో కమీషన్ తీసుకోవడం అలా పుట్టినవే. ఇది పైపుల షాపుల్లో ఎవరికీ తెలియని రహస్యం కాదు. శ్రమకి సరిగ్గా ఇస్తే ఇందులో సగం ఆగిపోతుందని నా గట్టి నమ్మకం.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి ప్లంబర్లు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి, ఉప్పునీళ్లకి పాత జీఐ పైపులు, అంటే జింకు పూత ఇనుప పైపులు, లోపల్లోపలే తినేసి ఉంటాయి. గోడ దగ్గరుండే చిన్న కుళాయి, యాంగిల్ కాక్, మార్చుదామని రెంచి వేస్తే మర కాస్తా గోడలో విరిగిపోతుంది. అప్పుడు టైల్సు పగలగొట్టాలి, ఖర్చు పెరుగుతుంది. "విరగొచ్చండీ, విరిగితే ఇంతవుతుంది" అని ముందే అంటే ఎవరూ గొడవపడరు. విరిగాక చెబితే నువ్వే విరగ్గొట్టావంటారు.

ఇంటివాళ్ల మీదా నాకు కోపముంది. లక్షలు పోసి టైల్సు వేయిస్తారు, గోడలో ఏ పైపు ఎటు పోయిందో ఒక్క ఫొటో తీసిపెట్టుకోరు. ఫోన్ జేబులోనే ఉంటుంది కదా! ప్లాస్టరింగ్ ముందు గోడ గోడకీ ఫొటో తీసుంటే, రేపు లీకేజీ వచ్చినప్పుడు ఎక్కడ పగలగొట్టాలో వెతకడానికి అయ్యే ఒక పూట కూలీ మీకు మిగులుతుంది.

మీ సింకు సంగతికొస్తే, ఐదొందల్లో సామానెంత, శ్రమెంత అని అతనికే ఫోన్ చేసి మామూలుగా అడగండి. వాషరు, వేస్ట్ పైపు కూడా అతనే తెచ్చి వేసుంటే ఇక ఆ రేటుకి వంకే లేదు. మళ్లీ కారితే ఉచితంగా చూస్తావా అని కూడా అడగండి. చూస్తానంటే ఆ నంబరు దాచుకోండి. ఎండల్లో కాలువలకి నీళ్లు ఆపేశాక మా వైపు ఏ ప్లంబరూ ఒక పట్టాన దొరకడు.