వీడియో కాల్‌లో ముఖం నిజమేనా?

ప్రశ్న: డేటింగ్ యాప్‌లో పరిచయమైన అబ్బాయి వీడియో కాల్‌లో మాట్లాడాడు. అయినా అనుమానం. ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: అనుమానాన్ని కొట్టిపారేయకండి. ఏఐతో కాల్ నడుస్తుండగానే ముఖం మార్చేయొచ్చు. తల పూర్తిగా పక్కకు తిప్పమనండి, అరచేతిని ముఖం ముందు నుంచి మెల్లగా జరపమనండి. మార్చిన ముఖమైతే చెవి దగ్గర, దవడ అంచున బొమ్మ చెదరొచ్చు. వేళ్ల మీదికి చెంప పాకినట్టు కనిపించొచ్చు. చెదరనంత మాత్రాన నమ్మేయకండి, మంచి సాఫ్ట్‌వేర్ ఈ పరీక్ష దాటేస్తుంది. ఫొటోను గూగుల్‌లో వెతికినా చాలదు. ఏఐ పుట్టించిన ముఖానికి పాత జాడే ఉండదు.

ఎదురుగా చూడాల్సిందే. పట్టపగలు, ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర జనం మధ్య కలవండి. ఇంట్లో చెప్పి వెళ్లండి. అంతవరకు రూపాయి కూడా పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడి ఆలస్యం చేయకండమ్మా, యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపించే వీలుంటుంది.