ఏసీ కొంటే తప్పా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది నల్గొండ. పైన స్లాబ్ తప్ప నీడ లేని ఇల్లు. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పన్నెండు దాటినా గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. మా అత్తమ్మకు 74 ఏళ్లు, పోయిన మే నెలలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. మా ఆయన ఏసీ తెద్దామంటున్నారు. పదో తరగతి చదివే మా బిడ్డేమో భూమి ఇట్లా వేడెక్కుతుంటే ఏసీ ఎట్లా కొంటారు, ఇక బట్ట సంచి పట్టుకొని బజారుకు పోయి ఏం లాభం అని రోజూ గొడవ. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, నల్గొండ

జవాబు: ముందు అత్తమ్మ సంగతి చూద్దాం అమ్మా. ఆ వయసులో చెమట పట్టి ఒళ్లు చల్లబడే శక్తి తగ్గుతుంది, దాహం కూడా సరిగా తెలియదు, అందుకే వడదెబ్బ పెద్దవాళ్లకే ముందు తగులుతుంది. రెండుసార్లు పడిపోయారంటున్నారు కాబట్టి ఎండలు ముదరకముందే డాక్టరుకు చూపించండి, బీపీ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి. ఆమె పడుకునే గది చల్లబడాల్సిందే. దానికి మీ బిడ్డ బాధపడాల్సిన పని లేదు.

కానీ ఏసీ కంటే ముందు మీ స్లాబ్ మీద దృష్టి పెట్టండి, ఎందుకంటే పగలంతా ఎండను పీల్చుకొని రాత్రి మీ మీదికి వదిలేది అదే. ఫిబ్రవరి, మార్చిలోనే స్లాబ్ శుభ్రంగా కడిగి, సున్నం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త బంక కలిపి, సాయంత్రం పూట రెండు పూతలు వేయించండి. కళ్లలో పడకుండా జాగ్రత్త, సున్నం కళ్లను కాల్చేస్తుంది. లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. వానకు కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాలి. దుమ్ము పట్టి నల్లబడితే గుణం పోతుంది, కాబట్టి వారానికోసారి ఊడ్వండి. తెల్ల కప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది.

ఆ తర్వాత కూలర్. మన జిల్లా ఎండ పొడి ఎండ, అందుకే ఏప్రిల్, మే నెలల్లో కూలర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది. కిటికీ తెరిచి పెట్టండి, మూస్తే ఉక్కపోత తప్ప చల్లదనం ఉండదు. రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే కూలర్‌కు ఒకటిన్నర యూనిట్ కాలుతుంది, టన్నున్నర ఏసీకి ఎనిమిది, పది దాకా పోతుంది. మన దేశంలో ఒక్కో యూనిట్ కరెంటు వెనుక సగటున 700 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, ఎందుకంటే ఎక్కువ భాగం బొగ్గు కాల్చి తీసిన కరెంటే. బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం ఎంతుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, యాదాద్రి థర్మల్ కేంద్రం ఉన్న దామరచర్ల మీ జిల్లాలోదే.

ఇవన్నీ చేశాక కూడా అత్తమ్మకు కష్టంగా ఉంటే ఏసీ కొనండి. ఆమె గదికి ఒక్కటి, ఐదు స్టార్లది. 26 దగ్గర పెట్టి ఫ్యాన్ తిప్పండి, ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుంది. గ్యాస్ అయిపోయిందని మెకానిక్ ఏటా నింపి పోతున్నాడంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, అది పట్టించండి, ఎందుకంటే ఆ గ్యాస్ ఒక్కో కిలో బయటికి పోతే వందల కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మీ బిడ్డకు ఈ లెక్క చూపించి, సున్నం పూత బాధ్యత తనకే అప్పగించండి.

ప్రశ్న: మాది సాగర్ ఎడమ కాల్వ కింద వరి. హార్వెస్టర్‌తో కోయిస్తే గడ్డి అంతా పొలంలోనే పడుతుంది. తగలబెట్టొద్దని అందరూ చెప్తారు, తీయడానికి ఖర్చు ఎవరు పెడతారు?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది అన్నా. కూలీ దొరకదు, యాసంగి నాట్లకు టైం ఉండదు. అయినా టన్ను గడ్డి కాలిస్తే అందులోని ఐదున్నర కిలోల నత్రజని దాదాపు అంతా, పొటాష్ కొంత పోయినట్టే, మళ్లీ ఆ బస్తాలు మీరే కొనాలి. పాడి ఉన్నవాళ్లు దగ్గర్లో ఉంటే బేలర్‌తో కట్టలు కట్టించి అమ్మండి, అన్నిటికంటే తేలిక అదే. కుదరకపోతే ఎకరానికి ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, రోటవేటర్‌తో కలియదున్నండి. అయితే నాట్లకు మూడు వారాల ముందే దున్నాలి. గడ్డి కలియదున్నిన వెంటనే నీళ్లు నిలబెడితే అది గాలి లేకుండా కుళ్లి, భూమిని వేడెక్కించే మీథేన్ అనే వాయువు ఎక్కువగా వస్తుంది, నారు కూడా పసుపు రంగుకు తిరుగుతుంది. నాటిన మొదటి రెండు వారాలు, పూత దశ తప్ప మిగతా రోజుల్లో ఆరుతడి ఇవ్వండి. రంధ్రాలు పెట్టిన పైపు ముక్క మడిలో పాతి, నీళ్లు నేల మట్టం కింద ఆరంగుళాల లోతుకు దిగాకే మళ్లీ పెట్టండి. మీథేన్ సగం దాకా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి, దిగుబడి తగ్గదు. ముందు ఒక్క మడిలో చేసి చూడండి, నా మాట మీద పొలమంతా వద్దు.

ప్రశ్న: పర్యావరణం కోసం బట్ట సంచులు కొంటున్నాను, ఇప్పటికే తొమ్మిది అయ్యాయి. ఇంకా మంచివి ఎక్కడ దొరుకుతాయి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: ఇక కొనకమ్మా. మీ చుట్టూ పత్తి చేలు ఉన్నాయి కదా, సంచి బట్టకు కావాల్సిన ఆ పత్తి ఒక్క పంటకు ఎన్ని నీళ్లు పడతాయో, ఎన్నిసార్లు మందు కొడతారో ఎవరినైనా అడుగు. ఒక్కో సంచి ఏళ్ల తరబడి వాడితేనే ఆ నీళ్లకు, ఆ మందులకు లెక్క సరిపోతుంది. రెండు నీ దగ్గర ఉంచుకొని, మిగతావి రూమ్మేట్లకు ఇచ్చెయ్. షాపులో ఉచితంగా ఇస్తామన్నా వద్దని చెప్పు.