టెక్ సందేహాలు: మన గడియారం మారదు, టైమ్ జోన్ డేటా మాత్రం ఎందుకు మారుతుంది?

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే సంస్థ. న్యూయార్క్‌లోని కొనుగోలుదారుతో ప్రతి మంగళవారం రాత్రి ఏడున్నరకు వీడియో కాల్ ఉంటుంది. ఆ సమయాన్ని గుర్తుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడి ప్రోగ్రామర్ చేతనే రాయించుకున్నాము. మొన్న మార్చిలో మేము కాల్‌లోకి వెళ్లేసరికి అవతలివారు గంటసేపు చూసి వెళ్లిపోయారు. మా కంప్యూటర్లలో సమయం సరిగ్గానే ఉంది. తప్పు ఎక్కడ జరిగింది? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో, న్యూయార్క్ పేరు పక్కనున్న గడిలో "తేడా: 10.30 గంటలు" అని ఉంది. తప్పంతా ఆ గడిలోనే ఉంది. ఆ తేడా చలికాలానికి మాత్రమే సరిపోతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అమెరికాలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి, ఆ నెలల్లో తేడా తొమ్మిదిన్నర గంటలకు తగ్గి, వారి ఉదయం తొమ్మిది మనకు రాత్రి ఏడున్నర కాక సాయంత్రం ఆరున్నర అవుతుంది. చీమకుర్తి గ్రానైట్‌ను ఇటలీకి పంపేవారికి ఈ చిక్కు వేరే తేదీన ఎదురవుతుంది. యూరప్‌లో ఆ మార్పు మార్చి చివరి ఆదివారం జరుగుతుంది.

ఇలాంటి నియమాలు ప్రభుత్వాల ఇష్టాన్ని బట్టి మారుతుంటాయి. అమెరికా కూడా ఇప్పుడున్న తేదీలను 2007 నుంచే పాటిస్తోంది. ప్రపంచంలోని ఈ నియమాలన్నిటినీ ఒకచోట చేర్చిన డేటాబేస్‌ను, అంటే టైమ్ జోన్ డేటాను, ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో మొదలుపెట్టగా, ఇప్పుడు పాల్ ఎగర్ట్ ఆధ్వర్యంలో స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని నిర్వహిస్తున్నారు. లైనక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అందువల్ల మీ ప్రోగ్రామర్ చేయవలసింది తేడాను అంకెగా రాయడం మాని, "అమెరికా/న్యూయార్క్" అనే జోన్ పేరును భద్రపరచడమే. ఏ తేదీన ఎంత తేడా అన్నది ఆ డేటాయే చెబుతుంది.

మరొక జాగ్రత్త కూడా ఉంది, దీన్ని అనుభవమున్న ప్రోగ్రామర్లే మరచిపోతుంటారు. జరిగిపోయిన వాటిని, అంటే కంటైనర్ ఎప్పుడు బయలుదేరింది, సొమ్ము ఎప్పుడు జమ అయింది వంటి వాటిని, యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఆధారమైన ప్రామాణిక సమయంలో, భద్రపరచడం ఉత్తమం. జరగబోయే సమావేశాన్ని మాత్రం అలా మార్చి దాచకూడదు. "న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది" అని ఒప్పుకున్న మాటను ఉన్నదున్నట్టు ఉంచి, గుర్తుచేసే రోజున లెక్క కట్టాలి. ఎందుకంటే మధ్యలో ప్రభుత్వం నియమాన్ని మారిస్తే, ముందే మార్చి దాచిన సమయం తప్పవుతుంది.

ప్రశ్న: మా కళాశాల లైనక్స్ సర్వర్లకు ఏడాదిలో పలుసార్లు టైమ్ జోన్ డేటా అప్‌డేట్లు వస్తున్నాయి. మన దేశంలో సమయం మారనే మారదు కదా, వీటిని వదిలేయవచ్చా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: భారత సమయం ఒక్కటే చూపే సర్వర్‌కు ఈ రోజున నష్టమేమీ కనిపించదు. విదేశాల్లోని పూర్వ విద్యార్థులకు ఆన్‌లైన్ కార్యక్రమాల సమయాలు పంపేవారైతే వదిలేయకూడదు. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం, గడియారాలు ముందుకు జరపవలసిన ఆదివారానికి కొద్ది రోజుల ముందు, ఆ మార్పును రంజాన్ ముగిసేదాకా వాయిదా వేసింది. దేశంలో కొందరు ఆ నిర్ణయాన్ని ఒప్పుకోక పాత తేదీనే పాటించారు, దాంతో ఒకే ఊళ్లో రెండు సమయాలు నడిచాయి. చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. డేటా నిర్వాహకులు వాయిదాకు ఒకటి, వాయిదా రద్దుకు మరొకటి, వారం తిరగకుండా రెండు విడుదలలు ఇవ్వవలసి వచ్చింది.

అప్‌డేట్ వేయగానే పని అయిపోయినట్టు కాదు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాత డేటానే మెమరీలో ఉంచుకుంటాయి కాబట్టి వాటిని రీస్టార్ట్ చేయాలి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషకు ఈ డేటా సొంత ప్రతి ఉంటుంది, దాన్ని విడిగా చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంటైనర్లలో (ప్రోగ్రామును దానికి కావలసిన ఫైళ్లతో కలిపి నడిపే పెట్టెల్లో) మరీ చిన్న ఇమేజ్, అంటే ఆ ఫైళ్ల మూట, వాడితే అందులో అసలు ఈ డేటాయే ఉండకపోవచ్చు. అప్పుడు మీరు మన దేశపు జోన్ పేరైన "ఏషియా/కోల్‌కతా"ను అమర్చినా అది ఏ ఎర్రర్ ఇవ్వకుండా యూటీసీనే చూపుతుంది. హాజరు పట్టికలో ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చిన విద్యార్థి తెల్లవారుజామున నాలుగింటికి వచ్చినట్టు కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది దీన్నే.

ప్రశ్న: విండోస్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఒక వరుస, శ్రీ జయవర్ధనపుర అని మరొక వరుస ఉన్నాయి. రెండూ యూటీసీకి ఐదున్నర గంటల ముందే. ఏది పెట్టుకున్నా ఒకటేనా? – ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఈ రోజుకు ఒకటే. కానీ రెండోది శ్రీలంకది. వారు 1996లో సమయం మార్చుకొని, 2006లో తిరిగి ఐదున్నరకు వచ్చారు. పొరుగువారి నిర్ణయాలతో మనకు పనేమిటి? మొదటిదే ఉంచుకోండి.

ప్రశ్న: మా తాతగారు 1943 మే నెల నడుమ కావలిలో పుట్టారు. జనన సమయం ఉదయం 6.10 అని పాత కాగితంలో ఉంది. ఒక జాతకం యాప్ ఒక లగ్నం, మరొక యాప్ వేరొక లగ్నం చూపుతున్నాయి. ఏది నమ్మాలి? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: జాతకం సంగతి నేను చెప్పలేను, గడియారం సంగతి చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు మన దేశంలో గడియారాలు ఒక గంట ముందుకు, అంటే యూటీసీకి ఆరున్నర గంటల ముందు నడిచాయి. ఈ సంగతి టైమ్ జోన్ డేటాలో ఉంది. దాన్ని చదివే యాప్ మీ 6.10ని ఇప్పటి లెక్కలో 5.10గా తీసుకుంటుంది, ఎప్పుడైనా ఐదున్నరే అనుకునే యాప్ 6.10గానే ఉంచుతుంది. మే నడుమ కావలిలో సూర్యోదయం సుమారు 5.45కు అవుతుంది కాబట్టి, పంచాంగంలో రోజు సూర్యోదయంతోనే మొదలవుతుంది కాబట్టి, ఈ తేడాతో లగ్నమే కాదు, పుట్టిన వారం (ఆది, సోమ వంటిది) కూడా మారిపోతుంది.

జ్యోతిషానికీ ఈ డేటాకూ పాత తగవే ఉంది. చారిత్రక సమయాల సమాచారం తమదని అమెరికాలోని ఒక జ్యోతిష సాఫ్ట్‌వేర్ సంస్థ 2011లో ఈ డేటా నిర్వాహకుల మీద దావా వేసి, మరుసటి ఏడాది ఉపసంహరించుకుంది. ఆ గొడవ నడుమే డేటాబేస్, ఇంటర్నెట్ చిరునామాలను, సంఖ్యలను సమన్వయం చేసే ఐఏఎన్ఏ సంస్థ నీడకు చేరింది. అయితే 1970కి ముందటి వివరాలన్నీ కచ్చితమని నిర్వాహకులు హామీ ఇవ్వరు.

ఇంతకీ ఆ కాగితాన్ని మరొకసారి దగ్గరగా చూడండి. అంకెల ముందు "గం." అని ఉంటే పై లెక్క వర్తిస్తుంది. "ఘ." అని ఉంటే మాత్రం అవి సూర్యోదయం నుంచి లెక్కించిన ఘడియలు, ఘడియకు 24 నిమిషాల చొప్పున ఆ రోజు సూర్యోదయానికి కలుపుకోవాలి, ప్రభుత్వం జరిపిన గంటతో వాటికి సంబంధం లేదు.